కోరంగి మడ అడవికి బయల్దేరే ముందు పంచాంగం చూడండి

కోరంగి వెళ్లొచ్చినవాళ్లను కదిలిస్తే రెండు రకాల ఫిర్యాదులు వినిపిస్తాయి. "చెట్లూ నీళ్లూ తప్ప ఏమీ లేవండీ, ఒక్క పీత కూడా కనపడలేదు" అంటారు కొందరు. "అంతా బురదే, బోటు కదలదన్నారు, టికెట్టు డబ్బులు దండగ" అంటారు ఇంకొందరు. ఇద్దరూ ఉదయం పదింటికే వెళ్లి ఉంటారు, కాకపోతే వేర్వేరు తిథుల్లో. మడ అడవిలో మన గడియారం పనిచేయదు. సముద్రపు పోటు ఎప్పుడొస్తుంది, ఎప్పుడు తీస్తుంది అన్నదాన్ని బట్టే అక్కడ ఏం కనిపిస్తుందో, ఏం కుదురుతుందో తేలుతుంది. ఇది తెలియక సెలవు రోజు చూసుకుని బండెక్కేయడమే అందరూ చేసే పొరపాటు.

కాకినాడ పక్కనే ఉన్న ఈ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట కాకినాడ అఖాతాన్ని ఆనుకుని పెరిగిన అడవి ఇది. మనలాంటివాళ్లను తిరగనిచ్చేది అందులో చాలా చిన్న భాగం: రోడ్డు పక్కన ప్రవేశద్వారం, లోపల మడ చెట్ల మధ్య వేసిన చెక్క నడకదారి, చుట్టూ చూడ్డానికి ఒక టవరు, కాలవలో బోటు. ఉన్నది కొంచెమే గనక సరైన వేళకు వెళ్లడం ముఖ్యం.

పోటు లెక్క

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు: నీరు ఎక్కితే పోటు, తీస్తే పాటు. పోటు నిండిన ఆరు గంటలకు కాస్త అటూ ఇటూగా నీరు పూర్తిగా తీసేస్తుంది, మళ్లీ ఎక్కడం మొదలవుతుంది. మర్నాటి పోటు ఇవాళ్టి కంటే సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చంద్రుణ్ని బట్టి నడిచే లెక్క గనక తిథి తెలిస్తే చాలు, ఉజ్జాయింపుగా చెప్పేయొచ్చు.

కాకినాడ ప్రాంతంలో అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు ఉదయం ఎనిమిది తొమ్మిది గంటల నడుమ నిండుతుంది. అంటే నీరు బాగా తీసేసరికి మధ్యాహ్నం రెండు, మూడు అవుతుంది. అక్కణ్నుంచి తిథికి యాభై నిమిషాల చొప్పున కలుపుకుంటూ పోండి. విదియ, తదియలకు పోటు పది, పదకొండు గంటల ప్రాంతంలో. చవితి, పంచమికి మిట్టమధ్యాహ్నం. అష్టమికి మధ్యాహ్నం మూడు గంటల వేళ, అంటే ఆ ఉదయం తొమ్మిదికి పాటు ఉంటుంది. దశమి నుంచి ద్వాదశి దాకా పాటు ఉదయం పదిన్నర, పన్నెండు మధ్యకు జరుగుతుంది. శుక్లపక్షమైనా కృష్ణపక్షమైనా ఇదే వరస.

నీరు ఎంత ఎక్కుతుంది, ఎంత దిగుతుంది అన్నది వేరే సంగతి. అమావాస్యకీ పున్నమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పోటుకీ పాటుకీ తేడా దాదాపు ఒకటిన్నర మీటరు ఉంటుంది. అష్టమి ప్రాంతంలో అరమీటరు, కాస్త పైన. అందుకే అష్టమినాడు పొద్దున్నే పాటు ఉన్నా బురద అంతగా బయటపడదు. నీరు ఊరికే అటూ ఇటూ కదిలినట్టుంటుంది.

ఇది వేళ్ల మీద వేసే లెక్క. ఏ రోజుకారోజు సరైన సమయం కావాలంటే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైటులో కాకినాడ రేవుకి చూసుకోండి. సర్వే ఆఫ్ ఇండియా ఏటేటా అచ్చువేసే పోటుపాట్ల పట్టికల్లోనూ దొరుకుతుంది. అవి సముద్రం ఒడ్డున రేవుకి చెప్పే సమయాలు. నీరు కాలవల్లోంచి అడవి లోపలికి పాకడానికి ఇంకో అరగంట పైచిలుకు పడుతుందని కలుపుకోండి. తూర్పుగాలి గట్టిగా వీచినా, పైనుంచి గోదావరి వరద వచ్చినా లెక్క తప్పుతుంది.

ఇక రోజు ఎంచుకోవడం. బోటుకి నీళ్లు కావాలి: పోటు నిండడానికి రెండు గంటల ముందు నుంచి నిండిన రెండు గంటల తర్వాత దాకా అయితే ఇబ్బంది ఉండదు. పీతలు, బురద చేపలు, చెట్లు ఊపిరి కోసం నేలలోంచి పైకి పంపే గాలివేళ్లు చూడాలంటే నీరు తీసి ఉండాలి: పాటుకి రెండు గంటలు అటూ ఇటూ. రెండూ ఒకే రోజులో, ఎండ తక్కువగా ఉన్న వేళల్లో పడేలా చూసుకోవడమే కిటుకు. మా ఓటు దశమి, ఏకాదశి రోజులకు. ఉదయం తలుపులు తీయగానే నడకదారి ఎక్కితే ఎండ ముదిరేలోపు బురదంతా చూసేయొచ్చు. ఊళ్లోకెళ్లి భోంచేసి మూడున్నర దాటాక వస్తే బోటుకి నీళ్లుంటాయి. రెండోసారి తిరిగిరావడం కుదరని వాళ్లకు విదియ, తదియ నయం: రాగానే పదింటికి బోటు, మధ్యాహ్నం నీడపట్టున కూర్చుని, మూడింటి నుంచి నడక. చవితి, పంచమి రోజులు అంత కలిసిరావు. ఆ రోజుల్లో బోటు మిట్టమధ్యాహ్నం ఎండలో పడుతుంది, బురద తేలేసరికి గేటు మూసే వేళ అవుతుంది.

దారి

కాకినాడ నుంచి యానాం వైపు 216 నంబరు జాతీయ రహదారి మీద పదిహేను, పద్దెనిమిది కిలోమీటర్లు. చొల్లంగి దాటాక ఎడమచేతి వైపు అటవీశాఖ ప్రవేశద్వారం కనిపిస్తుంది. కాకినాడ ఆర్టీసీ కాంప్లెక్సులో యానాం వెళ్లే ఏ బస్సెక్కినా ఈ దారినే పోతుంది. కండక్టరుకి "కోరంగి ఫారెస్టు దగ్గర" అని ముందే చెప్పండి. ఉత్తినే "కోరంగి" అంటే ఊళ్లో దింపేస్తాడు, అక్కణ్నుంచి వెనక్కి రావాల్సి ఉంటుంది. సొంత బండిలో వెళ్తే అరగంట నుంచి ముప్పావు గంట.

దూరం నుంచి రైల్లో వచ్చేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చెన్నై, హౌరా ప్రధాన మార్గంలో నడిచే బళ్లలో చాలావరకు కాకినాడలోకి రావు. సామర్లకోటలో దిగి బస్సో ఆటోనో పట్టుకోవాలి, ఇంకో పదిహేను కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా కాకినాడలో పొద్దున్నే దిగొచ్చు. విమానంలో వచ్చేవాళ్లకు రాజమండ్రి దగ్గర.

ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ, మధ్యలో ఆగే సమయంతో కలిపి బేరం చేసుకోండి. వెళ్లడానికి మాత్రమే మాట్లాడుకుని దిగితే, తిరుగు ప్రయాణంలో హైవే మీద ఎండలో నిలబడి వచ్చే బస్సుకి చెయ్యెత్తాల్సిందే.

ఏ నెలల్లో, ఏ రోజుల్లో

నవంబరు నడుమ నుంచి ఫిబ్రవరి చివరిదాకా బాగుంటుంది. ఉక్క తగ్గుతుంది, వలస పక్షులు దిగి ఉంటాయి. మార్చి దాటితే ఎండ కంటే ఉక్కపోతే బాధపెడుతుంది. మడ చెట్లు మరీ ఎత్తుగా పెరగవు, గాలి ఆడనివ్వవు. పది గంటలకే చొక్కా పిండుకోవాల్సి వస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద రోజులు. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లెత్తితే కాలవల్లో నీళ్లు ఎర్రబడి దుంగలూ గుర్రపుడెక్కా కొట్టుకొస్తాయి, బోట్లు ఆపేస్తారు. బురదలో జీవులు చూడాలనుకున్నా ఆ రోజుల్లో నిరాశే.

అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుపానుల సంగతి చూసుకోవాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వస్తే ప్రయాణం వాయిదా వేసుకోండి. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారంటే అభయారణ్యం గేటు కూడా మూసే అవకాశమే ఎక్కువ. ఈ తీరానికి తుపాను కొత్త కాదు. ఒకప్పుడు పెద్ద ఓడలు కట్టిన కోరంగి రేవు 1839 నవంబరు తుపాను దెబ్బకి మళ్లీ కోలుకోలేదు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు కొరంగీలని పిలిచింది ఈ రేవు పేరు మీదే. ఇప్పుడు ఆ ఊరు చూస్తే నమ్మబుద్ధి కాదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను ఈ చుట్టుపక్కల మత్స్యకార కుటుంబాలకు ఇంకా మానని గాయం.

రద్దీ గురించి రెండు మాటలు. కార్తీక మాసం ఆదివారాల్లో వనభోజనాల వాళ్లతో నడకదారి నిండిపోతుంది. చెక్క మీద యాభైమంది నడుస్తుంటే ఆ అదురుకి పీతలన్నీ బొరియల్లో దూరేస్తాయి, పాటు వేళకు వెళ్లినా ఫలితం ఉండదు. పుష్య బహుళ అమావాస్య, అంటే చొల్లంగి అమావాస్య నాడు సాగర స్నానాలకొచ్చే జనంతో ఈ రోడ్డంతా కిటకిటలాడుతుంది. స్నానానికైతే రండి గానీ అడవి చూడ్డానికి ఆ రోజు వద్దు. ఏ మంగళవారమో బుధవారమో అయితే నడకదారి మీద మీరూ కాపలాదారూ తప్ప ఎవరూ ఉండరు.

వెంట ఏం ఉండాలి

చెప్పులు కాదు, అరికాలు జారని బూట్లు. పోటు వేళ తడిసిన చెక్క మీద సన్నగా నాచు పడుతుంది, హవాయి చెప్పులతో జారిపడటం ఖాయం. హీల్స్ అయితే పలకల సందుల్లో ఇరుక్కుంటాయి. పొడుగు చేతుల చొక్కా, పూర్తి ప్యాంటు వేసుకోండి. దోమలు పగలు కూడా కుడతాయి, సాయంత్రం నాలుగున్నర దాటాక మరీ. దోమల క్రీము ఇంట్లోనే రాసుకుని రండి, చీలమండల దగ్గర మరిచిపోకుండా. మనిషికి లీటరున్నర నీళ్లు తెచ్చుకోండి. ఉప్పుగాలికి దాహం తెలియదు, తలనొప్పి వచ్చాకే తెలుస్తుంది.

తిండి లోపలికి తీసుకెళ్లకపోవడం మంచిది. పొద్దున్న కాకినాడలో టిఫిను చేసి బయల్దేరి, మధ్యాహ్నం తాళ్లరేవులోనో యానాంలోనో భోంచేయొచ్చు. చిల్లర డబ్బులు జేబులో ఉంచుకోండి. ప్రవేశం, కెమెరా, బోటు దేనికది విడిగా కట్టాలి, ఫోను నెట్‌వర్కు అన్నివేళలా సహకరించదు. రేట్లు గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటాయి. డ్రోను ఎగరేయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. సరదాగా ఎగరేసినా అభయారణ్యంలో అది కేసే.

కెమెరా ఉన్నవాళ్లకు ఒక మాట. ఏసీ కారులోంచి దిగగానే కెమెరా తీస్తే అద్దం మీద ఆవిరి పట్టి ఫొటోలు మసకేస్తాయి. దిగిన పది నిమిషాల దాకా సంచిలోనే ఉండనివ్వండి. గుడ్డతో తుడిచిన కొద్దీ మళ్లీ పడుతుంది. బైనాక్యులర్‌దీ ఇదే కథ.

నడకదారి మీద

తొందరపడకుండా నడిస్తే గంట, ఆగి చూస్తే రెండు గంటలు. ఆగే చూడాలి. ఒక చోటు ఎంచుకోండి: కాలవ అంచున, నీడ పడని, తడి మెరుస్తున్న బురద పట్టీ. కటకటాల మీద చేతులానించి పది నిమిషాలు కదలకుండా నిలబడండి. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ ఉండదు, వేలి మందం బొరియలు తప్ప. తర్వాత ఒక బొరియలోంచి రెండు కాడల కళ్లు పైకొస్తాయి. దాని వెనకే ఎర్రటి పెద్ద డెక్క. ఇది మగ పీత, ఒక డెక్క ఒంటి కంటే పెద్దది, రెండోది తిండికి పనికొచ్చే చిన్నది. ఆ పెద్దదాన్ని పైకెత్తి దించుతూ ఉంటుంది, ఆడపీతల్ని పిలవడానికీ, పక్క బొరియ వాణ్ని బెదిరించడానికీ. ఆడపీతకు రెండూ చిన్నవే, రెండు చేతులతో బురద నోట్లో పెట్టుకుంటుంది కాబట్టి మగదానికంటే చురుగ్గా తింటుంది. తిన్నాక వదిలిన చిన్న చిన్న మట్టి ఉండలు బొరియ చుట్టూ పరచుకుని ఉంటాయి. ఆ ఉండలు తాజాగా, తడిగా ఉంటే ఆ బొరియలో పీత ఉన్నట్టే, కాసేపు ఆగితే బయటికొస్తుంది. ఆరిపోయి ఉంటే వేరే చోటుకి జరగండి.

అదే బురద మీద వేలెడు చేపలు గెంతుతూ కనిపిస్తాయి. నెత్తిమీద కప్పలాంటి కళ్లు, ముందు రెక్కలు చేతుల్లా ఆనించి పాకుతాయి. మొప్పల్లో నీరు నిలుపుకుని, తడి చర్మంతోనూ ఊపిరి పీలుస్తాయి. అందుకే మధ్యమధ్యలో పక్కకి దొర్లి ఒళ్లు తడుపుకుంటాయి. మీ నీడ వాటి మీద పడితే ఒక్క గెంతులో మాయం. సూర్యుడు మీ ఎదురుగా ఉండేలా నిలబడండి, ఫొటో అంత బాగా రాకపోయినా కనీసం చేప ఉంటుంది.

చెట్టు గుర్తుపట్టడం

ఇక్కడ ఎక్కువగా కనిపించేది మడ. తెల్ల మడ, నల్ల మడ, విల్వ మడ అని రకాలు. చెట్టు చుట్టూ నేలలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేల కొద్దీ వేళ్లు పైకి లేచి ఉంటాయి. బురదలో ప్రాణవాయువు ఉండదు, ఈ వేళ్ల మీది సన్నని రంధ్రాల్లోంచే చెట్టు ఊపిరి పీలుస్తుంది. అందుకే నడకదారి దిగి వీటి మీద కాలు వేయొద్దంటారు. పది వేళ్లు విరిగితే చెట్టు చావదు గానీ, పిల్లలు ఆడుకునే చోట, మనుషులు రోజూ తొక్కే చోట నేల గట్టిపడి చెట్లు ఎండిపోవడం కళ్లారా చూడొచ్చు.

వాన పడని రోజు మధ్యాహ్నం మడ ఆకుని, కోయకుండా, వంచి పైభాగం చూడండి. సన్నటి తెల్లని గింజలు మెరుస్తాయి. నాలుకతో చూస్తే ఉప్పు. వేళ్లతో పీల్చిన ఉప్పునీటిలో ఎక్కువైన ఉప్పుని ఈ చెట్టు ఆకుల్లోంచి బయటికి చెమటలా కక్కేస్తుంది. పొద్దున్నే మంచుకి కడిగేసుకుపోతుంది కాబట్టి ఉదయం వెళ్తే కనపడకపోవచ్చు. తెల్ల మడ ఆకు అడుగు వెండి రంగులో ఉంటుంది, గాలి వీస్తే చెట్టంతా రంగు మారినట్టుంటుంది.

ఉప్పు పొన్నకి కొమ్మల నుంచి, కాండం నుంచి వంగి దిగిన ఊతవేళ్లు. కొమ్మలకు మునక్కాయల్లా పొడుగాటి పచ్చటి కాడలు వేలాడుతుంటాయి. కాయలనుకుంటారు చాలామంది, అవి మొలకలు. విత్తనం చెట్టు మీదే మొలకెత్తి, బరువెక్కాక కింద పడుతుంది. పాటు వేళ పడితే అక్కడే బురదలో గుచ్చుకుంటుంది, పోటు వేళ పడితే తేలుతూ పోయి ఇంకెక్కడో నాటుకుంటుంది. గుగ్గిలం కాయ చిన్న కొమ్ములా వంకరగా ఉంటుంది. ఒడ్డు అంచుల్లో అంచులకు ముళ్లున్న ఆకులు, ఊదా పువ్వులు కనిపిస్తే అది ఆల్చి. ప్యాంటుకి తగిలితే వదలదు.

తిల్ల గురించి మాత్రం జాగ్రత్తగా చదవండి. కాస్త ఎత్తుగా ఉన్న నేలల్లో పెరుగుతుంది. రాలబోయే ఆకులు ఎర్రబడి, దూరానికి పూలు పూసినట్టు అందంగా ఉంటాయి. ఫొటో కోసం పిల్లలు అదే కొమ్మ తుంచుతారు. తుంచిన చోట కారే పాలు చర్మానికి తగిలితే మంట, బొబ్బలు. కంట్లో పడితే కొద్ది రోజులపాటు చూపు పోయే ప్రమాదం కూడా ఉంది. ఒకవేళ పడితే కన్ను నలపకండి. తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్లతో పావుగంటకు తగ్గకుండా ధారగా కడుగుతూ, కాకినాడలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కాలవ నీళ్లతో కడగొద్దు. చేతికి తగిలితే సబ్బుతో కడుక్కునే దాకా ఆ చెయ్యి మొహం మీద పెట్టొద్దు. లీటరున్నర నీళ్లు అన్నది ఇందుకు కూడా.

నడిచేటప్పుడు అడవిలో తిన్నగా గీత గీసినట్టున్న కాలవలు, వాటికి రెండువైపులా ఏటవాలుగా కలిసే చిన్న కాలవలు గమనించండి. చేప వెన్నుముల్లు ఆకారం. అవి తవ్వినవి. ఒకప్పుడు చెట్లు నరికేసిన చోట నేల కుంగి గుంటలా మారింది. పోటు నీరు లోపలికొచ్చి బయటికి పోలేక ఎండకి ఆవిరై, ఉప్పు పేరుకుని ఏ మొక్కా బతకలేదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి ఈ కాలవలు తవ్వి, నీరు రోజూ వచ్చిపోయేలా చేసి మొక్కలు నాటారు. మడ అడవిని తిరిగి పెంచడంలో కష్టమైన పని మొక్క నాటడం కాదు, నీటిని కదిలించడం. కాలవల్లోకి ప్లాస్టిక్ సీసాలు, చిప్స్ కవర్లు విసిరితే ఆ చిన్న కాలవల నోళ్లే మొదట పూడుకుపోయేది.

పొరపాటున బురదలో దిగితే

ఫోను జారిపడిందని కటకటాలు దాటి దిగినవాళ్లు మోకాలి దాకా దిగబడిపోవడం జరుగుతూనే ఉంటుంది. ముందు కంగారుపడి కాళ్లు ఆడించకండి, ఇంకా లోతుకి పోతారు. వెనక్కి వాలి, కూర్చున్నట్టు బరువు పరచండి. ఒక కాలి మడమని నెమ్మదిగా కదిలిస్తే బురదలోకి నీరు, గాలి చేరి పట్టు వదులుతుంది. అప్పుడా కాలు తీసి, రెండోది. బూటు వదిలేయాల్సి వస్తే వదిలేయండి. గాలివేళ్లు, బురదలో ఉన్న గవ్వలు, ఆల్చిప్పల అంచులు కాళ్లు కోస్తాయి. ఆ గాయాలు ఊరికే మానవు, శుభ్రంగా కడిగి టీటీ ఇంజెక్షను వేయించుకోండి. ఫోను సంగతంటారా, కాపలాదారుకి చెబితే పొడుగాటి కర్రతో తీసే మార్గం చూస్తారు.

పక్షులూ జంతువులూ

బావురు పిల్లి పేరు విని వచ్చేవాళ్లు బాగా పెరిగారు. చేపలు పట్టి తినే ఈ అడవి పిల్లి కోరంగికి గర్వకారణమే, కానీ రాత్రి తిరిగే జంతువు. నడకదారి మీద పగలు కనపడుతుందని ఆశ పెట్టుకోవద్దు. పాటు వేళ కాలవ అంచు బురదలో గుండ్రటి అడుగుజాడలు వెతకండి. కుక్క, నక్క అడుగుల్లో గోళ్ల గుర్తులు స్పష్టంగా పడతాయి, పిల్లి అడుగుల్లో సాధారణంగా పడవు. ఈ పిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి మెత్తటి బురదలో అప్పుడప్పుడు చిన్న చుక్కలు కనిపించొచ్చు. నీటికుక్కలు మాత్రం పగలే తిరుగుతాయి, గుంపుగా. బోటు ఇంజను చప్పుడుకి ముందే వెళ్లిపోతాయి. ఉదయం మొదటి బోటుకే కాస్త అవకాశం.

పక్షులకు నడకదారి కంటే టవరు, టవరు కంటే బోటు నయం. కాలవ మీదకి వంగిన కొమ్మల మీద లకుముకి పిట్టలు దొరుకుతాయి. చలికాలంలో నల్లటి తల, ఊదా నీలం వీపు, ఎర్రటి ముక్కుతో ఉన్నది కనిపిస్తే దాన్ని కాసేపు చూడండి, ఊళ్లో చెరువుల దగ్గర అది దొరకదు. గరుడ పక్షులు, కొంగల రకాలు, నత్తగుల్ల కొంగలు ఎప్పుడూ ఉంటాయి. చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే ఉల్లంకుల గుంపులు పాటు వేళ బురద మైదానాల్లో మేస్తాయి, పోటు ఎక్కగానే ఎత్తైన చోట్లకు లేచిపోతాయి. వాటిని చూడ్డానికి సరైన వేళ పోటు సగం ఎక్కినప్పుడు: మేసే చోటు కుంచించుకుపోయి పక్షులన్నీ ఒక మూలకి చేరతాయి.

బోటు

లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే అడిగి వేసుకోండి, క్లిప్పులు పెట్టుకోండి. కాళ్ల మధ్య పట్టీ ఉంటే అది కూడా. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ వేస్తే నీళ్లలో పడినప్పుడు జాకెట్ పైకి లేచి పిల్లాడు కిందికి జారతాడు. సైజు దొరక్కపోతే పిల్లల్ని ఎక్కించొద్దు. అందరూ ఒక్క వైపుకే వంగి ఫొటోలు తీయడం వల్లే బోటు ఒరుగుతుంది, ఇది మొహమాటం లేకుండా పక్కవాళ్లకు చెప్పండి.

ఎక్కేముందు బోటు నడిపే ఆయన్ని ఒక్క ప్రశ్న అడగండి: "నీరు ఎక్కుతోందా, తీస్తోందా అండీ?" ఎక్కుతోందంటే నిశ్చింతగా వెళ్లొచ్చు, ఎక్కడన్నా మేట తగిలినా కాసేపట్లో నీరే లేపుతుంది. తీస్తోంది, అందులోనూ అమావాస్య పున్నముల ప్రాంతం అంటే దూరం వెళ్లాలని పట్టుబట్టకండి. కాలవ ముఖం దగ్గర ఇసుక మేట మీద బోటు కూర్చుందంటే మళ్లీ పోటు వచ్చేదాకా గంటల తరబడి అక్కడే. "డబ్బులిచ్చాం కదా, ఇంకొంచెం ముందుకి పోనీ" అనే ప్రయాణికుల వల్లే ఇలా జరుగుతుంది. ఆయనకు తెలిసినంత మనకు తెలియదు. అడవి అంచున ఇంజను కాసేపు ఆపమని అడిగితే మాత్రం చాలామంది సంతోషంగా ఆపుతారు. ఆ ఐదు నిమిషాల్లో కనిపించేవి మిగతా ప్రయాణమంతటిలో కనిపించవు.

హోప్ ఐలాండ్ వేరే ప్రయాణం. గోదావరి తెచ్చిన ఇసుక గత రెండు వందల ఏళ్లలో పేరుకుని ఏర్పడిన పొడుగాటి దిబ్బ అది. కాకినాడ రేవుకి అలల నుంచి అడ్డుగా నిలిచేదీ అదే. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఆ ఇసుకలోకి వస్తాయి, కాబట్టి ఆ నెలల్లో వెళ్లే ముందు అటవీశాఖ దగ్గర అనుమతి సంగతి కనుక్కోవాలి. కోరంగి టికెట్టుతో అది కలవదు, ఒకే రోజులో రెండూ పెట్టుకుంటే రెండూ సగమే అవుతాయి.

సాయంత్రం ఇంకా పాటు మిగిలి ఉంటే, కాకినాడలోకి వచ్చాక రేవు వైపు కుంభాభిషేకం గుడి దగ్గర బురద మైదానానికి ఒక అరగంట పోండి. నారింజ రంగు ముక్కుతో నీటి మీద గీత గీసుకుంటూ ఎగిరే పక్షుల కోసం దేశం నలుమూలల నుంచీ పక్షి పరిశీలకులు అక్కడికే వస్తారు. వాటి ముక్కులో కింది దవడ పైదానికంటే పొడుగు, అది చూస్తే ఇంక పొరబడరు. మైదానంలోకి దిగొద్దు, ఒడ్డునే నిలబడి చూడండి. అక్కడా పోటు వేళ తెలుసుకునే వెళ్లండి.